బలహీనుల జాబితా

"టీకా విషయంలో నాకొక వ్యక్తిగత అభిప్రాయం ఉంది. దానిని ఈ రోజు నుంచి ప్రజలకు అంకితం చేస్తున్నాను" అని నల్లరాళ్ళపాడు పంచాయతీ సమితి అధ్యక్షులు సంజీవరావు గారు హైస్కూలు ఆవరణలో ప్రకటించేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఎండకు మైకు చురచుర కాలుతున్నా ఆయన దానిని వదల్లేదు. మైకును వదలడం ఆయన అలవాట్లలో లేదు.

అది పందొమ్మిది వందల అరవై మూడు, ఏప్రిల్ నెల. ఆంధ్రప్రదేశ్‌కు ఏడో ఏడు నడుస్తోంది. సమితికి నాలుగో ఏడు. సమితి జీపుకు రెండో ఏడే అయినా అది అప్పటికే ముసలిదైపోయింది. కురిచేడులో రైలు దిగి సున్నపు బట్టీల పనికి వచ్చిన ఒక కూలీకి మశూచి పోసిందనీ, పక్క ఊళ్ళో మరో ఇద్దరు పడకేశారనీ వార్త వచ్చింది. అందుకే ఈ సభ.

"బలవంతునికి టీకా దేనికయ్యా? వాడు బలవంతుడు గదా! బలహీనునికి గదా ముందు వెయ్యాల్సింది!" అన్నారు అధ్యక్షుల వారు.

సభ మారుమోగింది. వెనక వరసలో నిలబడ్డ టీకాల చెంచయ్య కూడా చప్పట్లు కొట్టాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక నాయకుడి మాటకు ఆయన మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. ఆ చప్పట్లను తర్వాత చాలాసార్లు వెనక్కు తీసుకుందామనుకున్నాడు. చప్పట్లకు అటువంటి సౌకర్యం లేదు.

ఆయన సంతోషానికి కారణముంది. కర్నూలు నుంచి పెద్ద డాక్టరు గారు రాసిన ఉత్తరం ఆయన జేబులోనే ఉంది. 'ఇంతవరకు ఒక్క టీకా కూడా పడనివారికి, పసిపిల్లలకు ముందు వేయవలెను. ఒకసారి వేయించుకుని ఆరోగ్యంగా ఉన్నవారి మారు టీకా సంగతి తర్వాత చూడవచ్చును' అని అందులో ఉంది. ఉత్తరంతోపాటు ఐసు పెట్టిన ఫ్లాస్కులో నూటయాభై మందికి సరిపడే మందు వచ్చింది. ఆ ఎండల్లో అయిదు రోజులకు మించి అది పనిచేయదు.

ఎవరికి వేయాలో చెంచయ్యకు తెలుసు. నల్లమల అంచున మందలపల్లె ఉంది. గొర్రెల కాపరుల గుడిసెలు నలభై. ఆ ఊళ్ళో ఒక్కరి చేతి మీదా టీకా మచ్చ లేదు. చెంచయ్య ఎప్పుడు పోయినా వాళ్ళు అడవిలో ఉండేవారు. ఈసారి ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. మరో ఆరు రోజుల్లో మందలు తోలుకుని అడవికి పోతారు. ఊరి పెద్ద కాటమరాజు కూతురు శ్రీశైలమ్మ పురిటికి వచ్చి నెలన్నర కింద మగపిల్లవాణ్ణి కన్నది. అటువంటి పసివాళ్ళు ఊళ్ళో ఇరవై మందికి పైగా ఉన్నారు.

చెంచయ్యకు మశూచి అంటే పుస్తకంలో చదివిన జబ్బు కాదు. ఆయన ముఖం నిండా గుంటలే. ఎనిమిదో ఏట ఇంట్లో అయిదుగురు పడుకుంటే ఒక్కడే లేచాడు.

"అయితే రేపే మందలపల్లెకు బయలుదేరుతాను సార్" అన్నాడు సభ అయ్యాక.

అధ్యక్షుల వారు ఆయన వైపు జాలిగా చూశారు. "తొందరపడగాకు చెంచయ్యా. బలహీనుడెవరో ముందు తేలాల గదా? అది నువ్వు తేల్చేదా, నేను తేల్చేదా? దానికొక ఉపసంఘం వేస్తాము."

ఉపసంఘం ఆ సాయంత్రమే ఏర్పడింది. దానికి అధ్యక్షులు అధ్యక్షుల వారే. బి.డి.ఓ. గారు కార్యదర్శి. మొదటి సమావేశంలో మొదటి బలహీనుణ్ణి ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఆయన సంజీవరావు గారే.

"నలభై ఊళ్ళ బరువు మోస్తాండాను. ఎవరికైనా అనుమానముంటే మోసి చూడమనండి" అన్నారాయన. ఎవరూ మోయడానికి ముందుకు రాలేదు.

అక్కడి నుంచి బలహీనత మశూచి కంటే వేగంగా పాకింది. తెల్లవారేసరికి సమితి ఆఫీసు ముందు జీపులు, గూడు బండ్లు, బుల్లెట్ మోటారు సైకిళ్ళు బారులు తీరాయి. వరసగా మూడుసార్లు గెలిచిన సర్పంచి గెలుపు వల్ల కలిగిన నీరసం చెప్పుకున్నాడు. ఓడిపోయిన సర్పంచికి చెప్పుకోవలసిన అవసరమే లేకపోయింది. రోడ్డు కాంట్రాక్టరు ఒకాయన తను వేసిన రోడ్డు మీదనే రోజూ తిరగడం వల్ల వెన్ను దెబ్బతిన్నదని రాసిచ్చాడు. ఆ ఒక్క దరఖాస్తును మాత్రం ఉపసంఘం నిజమని నమ్మింది.

నూనె మిల్లు పిచ్చయ్య వచ్చినప్పుడు బి.డి.ఓ. గారు కాస్త తటపటాయించారు. ప్రతి ఉగాదికీ రచ్చ దగ్గర రాతి గుండును ఒంటి చేత్తో ఎత్తి భుజం మీదుగా వెనక్కు విసిరేది ఈ పిచ్చయ్యే. చిన్నప్పుడు వాళ్ళమ్మ దాచిపెట్టడం వల్ల ఆయనకు ఒక్క టీకా కూడా పడలేదు.

"నీకేం బలహీనత పిచ్చయ్యా?"

"సూదంటే బయం సార్."

"మానసిక బలహీనత" అని రాసుకున్నారు బి.డి.ఓ. గారు.

చెంచయ్య అడ్డు చెప్పలేదు. ఆ జాబితాలో టీకా నిజంగా అవసరమైన మనిషి ఈయనొక్కడే అనుకున్నాడు.

రెండు రోజుల్లో బలహీనులు నూట నలభై ముగ్గురయ్యారు. తాలూకాలో కాస్త పొలమో, మిల్లో, పదవో ఉన్నవాడెవడూ ఆరోగ్యంగా మిగల్లేదు. బజారులో ఎవరినైనా 'బాగుండారా?' అని పలకరిస్తే కోపగించుకునే పరిస్థితి వచ్చింది.

"మరి మందలపల్లె సార్?" అని చెంచయ్య మళ్ళీ అడిగాడు.

"న్యాయమంటే న్యాయమే. వాళ్ళనూ పరీక్ష చేస్తాము" అని ఉపసంఘం జీపులో బయలుదేరింది.

మందలపల్లెలో మొదట కనిపించింది కాటమరాజు తల్లి. డెబ్బై ఏళ్ళు దాటిన ముసలమ్మ. కాలు విరిగిన గొర్రెపిల్లను భుజానేసుకుని వాగు దాటి వస్తోంది. బి.డి.ఓ. గారు 'ఆరోగ్యవంతురాలు' అని రాశారు. కాటమరాజు చేతిలో గొడ్డలి ఉంది. 'ఆరోగ్యవంతుడు.' ఒక పిల్ల దగ్గుతోంది. దగ్గడానికి ఊపిరి కావాలి గనుక 'ఆరోగ్యవంతురాలు.' శ్రీశైలమ్మ ఒడిలో నెలన్నర పిల్లవాడు జీపు చప్పుడుకు కేర్‌మని ఏడ్చాడు. అధ్యక్షుల వారు చెవులు మూసుకున్నారు.

"వీని గొంతు చూడు! మైకు లేకుండానే నాలుగూళ్ళకు వినపడతాంది. రాసుకోండి. ఆరోగ్యవంతులలో వీడు ఒకటో నంబరు."

అందరికీ సంతకం, ముద్ర వేసిన చీటీలు పంచారు. కాటమరాజు తన చీటీని తలపాగాలో దోపుకున్నాడు.

"మనల్ని బాగుండారని గవర్నమెంటు రాసియ్యడం ఇదే మొదులు నాయనా" అన్నది శ్రీశైలమ్మ తండ్రితో. చెంచయ్య తల వంచుకుని జీపెక్కాడు. ఫ్లాస్కులో అప్పటికి మూడు రోజులు గడిచిపోయాయి.

నాలుగో రోజు ఉదయం టీకా మహోత్సవం. పందిరి వేశారు. మేళం పెట్టారు. బలహీనులందరూ పట్టు కండువాలతో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. వంట పందిట్లో నుంచి పొట్టేలు మాంసం వాసన వస్తోంది. బలహీనులకు బలం కోసమని.

టీకా సాధనం చిన్నది. పళ్ళున్న చిన్న చక్రం, దానికొక పిడి. మందు చుక్క పెట్టి, చర్మానికి ఆనించి గిర్రున తిప్పితే గీరుకుంటుంది. కాస్త మంట, ఒక నెత్తురు చుక్క, అంతే. గుండు ఎత్తేవాడు ముందుంటే తక్కినవాళ్ళకు ధైర్యమని పిచ్చయ్యను పిలిచారు. చెంచయ్య ఆ తాటిమొద్దులాంటి చేయి పట్టుకుని చక్రాన్ని స్పిరిటు దీపం మీద కాల్చాడు. పిచ్చయ్య ఆ మంటను చూశాడు, చక్రాన్ని చూశాడు. గుండు కంటే పెద్ద చప్పుడుతో కిందపడ్డాడు.

మేళం ఆగిపోయింది. ముందు వరసలో కండువాలు సర్దుకున్నారు. కొందరికి పొలం పనులు గుర్తొచ్చాయి.

అధ్యక్షుల వారు లేచారు. ముఖాన చెమటలు. అయినా కష్టకాలంలోనే నాయకుడు పుడతాడు.

"సోదరులారా! టీకా అంటే బలహీనునికి ఎంత ప్రమాదమో మీ కళ్ళారా చూసినారు. ఇప్పుడు నా వ్యక్తిగత అభిప్రాయాన్ని ఇంకొక మెట్టు పైకి తీసకపోతాండాను. బలహీనునికి టీకా అవసరమే. అయితే దాన్ని తట్టుకునే శక్తి బలవంతునికే ఉంది. మనది ప్రాతినిధ్య ప్రజాస్వామ్యం. ప్రజల తరఫున మేము సమితికి పోతాండామా లేదా? మా తరఫున ప్రజలు టీకాకు పోతే తప్పేంది?"

అన్ని వైపుల నుంచీ ఊపిరి పీల్చుకున్న చప్పట్లు. ఒక్కొక్క బలహీనునికి ఒక్కొక్క ప్రతినిధి. చెయ్యి ప్రతినిధిది, రిజిస్టర్లో పేరు బలహీనునిది. తీర్మానం పాసైంది.

చెంచయ్య ఇరవై రెండేళ్ళుగా పై అధికారుల మాటకు ఎదురాడని మనిషి. ఆ రోజు కూడా ఎదురాడలేదు. చేతులు కట్టుకుని అడిగాడు.

"ప్రతినిధులుగా ఎవరిని పెట్టమంటారు సార్?"

"ఆరోగ్యవంతులెవరినైనా పెట్టు."

"ఊరికే ఆరోగ్యవంతులైతే రేపు ఆడిట్లో అడుగుతారు సార్. సర్టిఫికెట్టు ఉన్న ఆరోగ్యవంతులు మందలపల్లెలో ఉండారు. మీ సంతకంతోనే ఉండాయి చీటీలు."

అధ్యక్షుల వారు బి.డి.ఓ. వైపు చూశారు. బి.డి.ఓ. తల ఊపారు.

"మంచిది. నాకు మాత్రం హోదాకు తగినోణ్ణి పెట్టు. ఎవణ్ణి పడితే వాణ్ణి పెట్టబాక."

"తమరికి ఒకటో నంబరు ఆరోగ్యవంతుణ్ణే పెడతాను సార్" అన్నాడు చెంచయ్య.

పోయే ముందు ఆయన పిచ్చయ్య దగ్గరికి పోయాడు. పిచ్చయ్యకు తెలివి వచ్చి, ఎవరో ఇచ్చిన సోడా తాగుతున్నాడు.

"అన్నా, నువ్వు మాత్రం ప్రతినిధిని పెట్టుకోవద్దు. కళ్ళు మూసుకో, ఒక్క నిమిషం" అని బతిమలాడాడు.

"నాకు పడినట్టే రాసుకో చెంచయ్యా. నీకు పుణ్యముంటాది" అన్నాడు పిచ్చయ్య చేయి వెనక్కు లాక్కుని.

అందరూ చూస్తుండగా చెంచయ్య రాసుకున్నాడు.

మందలపల్లెలో మొదట ఎవరూ గుడిసెల్లోంచి బయటికి రాలేదు. కాటమరాజు వాకిట్లో నిలబడి తలపాగాలోంచి చీటీ తీసి చూపించాడు.

"మేం బాగుండామని మీరే గదన్నా రాసిచ్చింది? బాగుండేటోళ్ళను పొడవడమేంది? అమ్మవారికి కోపమొస్తే ఎవురు జవాబు చెప్తారు?"

చెంచయ్య గట్టు మీద కూర్చున్నాడు. "మామా, నీ మందలో బొబ్బరోగం వచ్చింది ఎప్పుడు?"

"మూడేండ్లయింది. ఎనబై పోయినాయి."

"లేచిన గొర్రెలకు మళ్ళా వచ్చిందా?"

"ఒకసారి వచ్చి లేసినదానికి మళ్ళెందుకొస్తాది?"

"ఇది గూడ అంతే మామా. ఒక్క బొబ్బ చేతి మీద లేస్తాది, మానిపోతాది. అది లేసిందంటే ఒళ్ళంతా లేవదు. నా మొగం చూడు. నాకు అది ఒక్కటి లేపేవాడు లేక ఒళ్ళంతా లేసినాయి. నా తోడబుట్టినోళ్ళు నలుగురు లేవనే లేదు."

కాటమరాజు చాలాసేపు ఆ ముఖంలోని గుంటలు చూశాడు. తర్వాత లోపలికి తిరిగి "పాపా, పిల్లోణ్ణి తీసకరా" అన్నాడు.

శ్రీశైలమ్మ పిల్లవాణ్ణి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. చెంచయ్య రిజిస్టరు తెరిచి నిబంధన ప్రకారం పేరు పైకి చదివాడు.

"సంజీవరావు. వయసు యాభై రెండు. వృత్తి, అధ్యక్షులు."

శ్రీశైలమ్మ ఉలిక్కిపడింది. "మా వోని పేరు గురవయ్య. సంజీవరావు అంటావేందన్నా?"

"పేరు వాళ్ళది తల్లీ. చెయ్యి మనది. మచ్చ చేతికి పడుతుంది గాని పేరుకు పడదు."

చక్రం తిరిగింది. గురవయ్య నాలుగూళ్ళకూ వినపడేటట్టు ఏడ్చాడు. పొద్దుగూకే లోపల కాంట్రాక్టర్లు, సర్పంచులు, మిల్లు ఓనర్లు వరసగా తల్లుల ఒడిలో ఏడ్చి, పాలు తాగి నిద్రపోయారు. కాటమరాజు తల్లి తాలూకా సహకార సంఘం డైరెక్టరుగా చేయి చాపి, ఇదేనా, తేలు కుట్టినా ఇంతకంటే ఎక్కువ మండుతుంది అన్నది. దగ్గే పిల్లకు మాత్రం చెంచయ్య దగ్గు తగ్గినాక వేస్తానని చెప్పాడు. పిచ్చయ్య పేరు మీద ఒక మేకల కాపరికి టీకా పడింది.

మూడో రోజుకు గురవయ్యకు కాస్త ఒళ్ళు వెచ్చబడింది. ఈ వార్త ఎలా చేరిందో గాని, అధ్యక్షుల వారు వెంటనే మంచమెక్కారు. ప్రతినిధికి జ్వరం వచ్చినప్పుడు తాను ఆఫీసుకు పోవడం నైతికంగా సరికాదన్నారు. పరామర్శకు వచ్చినవాళ్ళు తెచ్చిన బత్తాయిలతో ఇల్లు నిండింది. మందలపల్లెలో గురవయ్య జ్వరం ఒక రాత్రిలో తగ్గింది. అధ్యక్షుల వారిది బత్తాయిలు అయిపోయేదాకా తగ్గలేదు.

మంచం దిగాక ఆయనకు మరో అభిప్రాయం కలిగింది. ఒక్క టీకా సామాన్యునికి చాలు. ఆయనలాంటివారికి మారు టీకా కూడా ఉండాలి. అది కూడా ప్రతినిధి ద్వారానే, అయితే ఒకే ప్రతినిధి మీద రెండుసార్లు భారం వేయడం మానవత్వం కాదు. కర్నూలు నుంచి రెండో ఫ్లాస్కు వచ్చింది. ఈసారి మారు టీకా ప్రతినిధులుగా చెంచయ్య మార్కాపురం దారిలోని పలకల గనుల కూలీల పిల్లలను ఎంచుకున్నాడు. అధ్యక్షుల వారి మారు టీకా ఒక మూడేళ్ళ పిల్లకు వేశాడు.

మే నెలాఖరులో నూనె మిల్లు పిచ్చయ్యకు జ్వరం వచ్చింది. నాలుగో రోజుకు ముఖం మీద, చేతుల మీద పొక్కులు లేచాయి. చెంచయ్య పోయి చూశాడు. చూడగానే తెలిసింది.

ఉపసంఘం అత్యవసరంగా సమావేశమైంది. బి.డి.ఓ. గారు రిజిస్టరు తెరిచారు. పిచ్చయ్యకు ఒక టీకా, ఒక మారు టీకా పడినట్టు స్పష్టంగా ఉంది.

"రికార్డు ప్రకారం ఈయనకు మశూచి రావడానికి వీల్లేదు" అన్నారు.

"మరి ఆ పొక్కులు?"

"చెమటకాయలు."

చెమటకాయలేనని తీర్మానించి జిల్లాకు పంపారు. చెమటకాయలకు ప్రత్యేకంగా గది ఇవ్వడం కుదరదు గనుక పిచ్చయ్యను మిల్లు వెనక గోదాములోనే పడుకోబెట్టారు. బంధువులు దూరం నుంచి తొంగి చూసి పోయారు. ఇరవై రోజులు వేపాకులు పరిచి, గంజి పోసి, పక్కన కూర్చున్నది చెంచయ్య ఒక్కడే. రిజిస్టర్లో ఆ పేరు రాసింది తన చెయ్యే.

"నువ్వు చెప్పినప్పుడే ఇనింటే బాగుండు తమ్ముడా" అన్నాడు పిచ్చయ్య ఒక రోజు, పెదవులు పగిలి మాట సరిగ్గా రాక.

"నేనైనా రాయకుండా ఉండాల్సిందన్నా" అన్నాడు చెంచయ్య.

పిచ్చయ్య బతికాడు. ఎడమ కన్ను పోయింది. చెమటకాయల వల్ల కన్ను పోయిన సంఘటన జిల్లాలో అదే మొదటిదని బి.డి.ఓ. గారు ఆసక్తిగా నోట్ చేసుకున్నారు. మందలపల్లెలో గాని, గనుల దగ్గర గాని ఒక్క ప్రాణం పోలేదు.

బలహీనులకు నూటికి నూరు పాళ్ళు టీకాలు వేసిన ఏకైక సమితిగా నల్లరాళ్ళపాడు పేరు పేపర్లో పడింది. జూన్ చివర ఒక ఉపమంత్రి గారు స్వయంగా సన్మానానికి వచ్చారు. పూలదండలయ్యాయి, పద్యాలయ్యాయి. అప్పుడు ఉపమంత్రి గారు ఉత్సాహంగా అన్నారు.

"ఏదీ సంజీవరావు గారూ, ఆ మచ్చ ఒకసారి చూపండి. పేపరువాళ్ళు ఫొటో తీసుకుంటారు."

అధ్యక్షుల వారు జుబ్బా చెయ్యి పైకి మడవబోయి ఆగిపోయారు.

"మచ్చ సిద్ధంగానే ఉంది సార్. కాస్త దూరంలో ఉంది."

"ఎంత దూరం?"

"పన్నెండు మైళ్ళు."

సమితి జీపు అధ్యక్షుల వారి చేతిని తీసుకురావడానికి నల్లమలకు పోయింది. అంతదాకా మేళం వాయించారు. రెండు గంటల తర్వాత జీపులోంచి శ్రీశైలమ్మ, ఆమె చంకలో గురవయ్య దిగారు. వేదిక మీద అధ్యక్షుల వారు ఎత్తుకోగానే పిల్లవాడు ఆయన సన్మాన శాలువా తడిపాడు.

"ఎవరీ బాబు?" అన్నారు ఉపమంత్రి గారు.

"నా చెయ్యి సార్" అన్నారు అధ్యక్షుల వారు.

"మా వోడు సామీ. పేరు గురవయ్య" అన్నది శ్రీశైలమ్మ.

చెంచయ్య తన ఉద్యోగం సంగతి ఇక ఇంతేననుకుని స్తంభాన్ని పట్టుకున్నాడు. ఉపమంత్రి గారు కళ్ళజోడు పెట్టుకుని ఆ చిన్న చేతిని పట్టుకున్నారు. గుండ్రటి మచ్చ మీద వేలితో నిమిరారు. చాలాసేపు పరిశీలించారు.

"చక్కగా పడింది. నాది ఇంత స్పష్టంగా పడలేదు" అన్నారు.

ఫొటోగ్రాఫరు బల్బు వెలిగింది.

భోజనాలకు అందరూ లేచాక చెంచయ్య పందిరి వెనక్కు పోయాడు. ఉపమంత్రి గారి కారు నీడలో ఉంది. డ్రైవరు పెద్దయ్య బకెట్టు పక్కన పెట్టి, చొక్కా విప్పి కారు తుడుస్తున్నాడు. భుజం నుంచి మోచేతి దాకా వరసగా మచ్చలు. చెంచయ్య వృత్తి కొద్దీ దగ్గరికి పోయి లెక్కపెట్టాడు. పదకొండు.

"ఇన్నెందుకున్నాయి అన్నా?"

"పైనుంచి మూడోది మంత్రి గారిది" అన్నాడు పెద్దయ్య చెయ్యి తిప్పి చూపిస్తూ. "నాలుగోది అమ్మగారిది. ఆ కింద రెండూ సెక్రటరీ గారివి. మారు టీకాతో సహా. తక్కినవి ఆఫీసోళ్ళవి."

"మరి నీది?"

పెద్దయ్య గుడ్డ పిండుకుంటూ చెయ్యిని అటూ ఇటూ చూసుకున్నాడు.

"నాకింకా వెయ్యలేదన్నా. చోటేదీ?"